కొరతపిట్ట ఇంటి చుట్టం

కంటకారణ్యం నడిమధ్యలో, ఆకులకంటే ముళ్ళే ఎక్కువున్న చండ్రచెట్టు మీద, చిటారుకొమ్మన ఆ పిట్ట కూచుని ఉంది.

గోరింకకంటే పిసరంత చిన్నది. వీపు బూడిదరంగు. పొట్ట ఉతికి ఆరేసిన ధోవతిలా తెల్లగా ఉంది. ముక్కు మొదలునుంచి చెవులదాకా, కళ్ళ మీదుగా నల్లటి పట్టీ ఒకటి. దారిదోపిడీకి బయల్దేరి, వర్జ్యం దాటేదాకా ఆగిన దొంగలా ఉంది వాలకం. ముక్కు చివర చిన్న కొంకి. తోకకి మాత్రం కుదురు లేదు. అటోసారి ఊగుతుంది, ఇటోసారి ఊగుతుంది, కాసేపు ఆలోచించుకుని మళ్ళీ అటు ఊగుతుంది.

దాని పేరు కొరతపిట్ట. కుంకుమగిరి జనం ఆ పేరు విని, అది వాలిన ఇంట్లో కందిపప్పుకి కొరత వస్తుందనుకునేవాళ్ళు. పెరట్లో ఆ పిట్ట కనిపిస్తే చాలు, ఆడవాళ్ళు పక్కింటికెళ్ళి అరువు తెచ్చుకునేవాళ్ళు, ముందుజాగ్రత్తగా. అసలు సంగతది కాదు. పూర్వం రాజులు దొంగల్ని శూలాలెక్కించి కొరత వేసేవాళ్ళే, ఆ కొరత ఇది. ఈ పిట్ట తొండనో మిడతనో పట్టి, బతికుండగానే ముల్లుకి గుచ్చుతుంది. గుచ్చి, తినదు. రేపటికుంటుందిలే అని దాస్తుంది. ఇవాళ్టిది దాచి నిన్నటిది తినడం దాని పద్ధతి. గూటికి పాము కుబుసం, గొర్రె ఉన్ని, చిరుగు గుడ్డపేలికలు, ఏది దొరికినా పోగేస్తుంది. ఏదీ పారెయ్యదు, ఎప్పటికైనా పనికొస్తుందని. ఒక్కమాటలో, సంసారపక్షపు పక్షి.

సొంత గొంతు ఎండిన తలుపుబందులా కిర్రుమంటుంది. అందుకని అరువు గొంతులతో కాలక్షేపం చేస్తుంది. కౌజుపిట్టలా కూస్తుంది, ఉడతలా అరుస్తుంది. చుట్టూ పొదల్లో ఉన్న అమాయకప్రాణి ఏదో తనవాళ్ళే పిలిచారనుకుని బయటికొస్తుంది.

కంటకారణ్యంలో కొరతపిట్ట మాత్రం మనుషుల గొంతులు నేర్చింది.

"వెళ్ళొస్తానండీ!" అంది చెట్టుమీంచి, ఎవరో ముసలాయన గొంతుతో.

చెట్టుకింద నిలబడ్డ వినయంధరుడు వెంటనే చేతులు జోడించి, "మంచిదండీ, జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నాడు. అని, చుట్టూ చూశాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో చుట్టుపక్కల పురుగు కూడా కదలడం లేదు. జోడించిన చేతులు దించేశాడు.

"ఎవరితోనయ్యా?" అన్నాడు వెనకనుంచి సేనాని ఉద్దండకేతుడు. ఆయన ఆ పొద్దునే దారిలో రెండుతలల నాగుని నరికి, కత్తి దాని తోకకే తుడుచుకుని వచ్చాడు.

"ఎవరో వెళ్తున్నారండీ."

"ఎవరూ లేరు. నీకు గుమ్మం దగ్గర నిలబడీ నిలబడీ రోగం పట్టింది."

ఆ మాటలో కొంత నిజం ఉంది. వినయంధరుడు కుంకుమగిరి కొలువులో శుభభాషణాధికారి. గుమ్మం దగ్గర అతిథుల్ని సాగనంపడం, చెడ్డమాటని మంచిమాటగా మార్చి చెప్పడం ఆయన ఉద్యోగం. యుద్ధంలో సేన పారిపోయొస్తే, "మనవాళ్ళు క్షేమంగా ఇళ్ళకి చేరారు మహాప్రభో" అనాలి. దీపం ఆరిపోతే కొండెక్కిందనాలి. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. ఒకసారి ఖజానా నిండుకుందని విన్నవిస్తే, చిన్నరాజుగారు ఆ మాట ఉన్నదున్నట్టు అర్థం చేసుకుని కవులందరికీ ఏనుగుల్ని ప్రకటించారు. అప్పట్నుంచి కవులకీ కొలువుకీ మాటల్లేవు.

ఇంతకీ ఆ విద్య వినయంధరుడికి నేర్పింది వాళ్ళక్క పద్మగంధి. తల్లి లేని పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచింది. చిన్నప్పుడు వాడు ఆడుకోవడానికి బయల్దేరుతూ "నే పోతున్నానక్కా" అంటే చాలు, ఠంగుమని మొట్టికాయ పడేది. "పోతాననకూడదురా, వెళ్ళొస్తాననాలి!" వాడి నెత్తిమీద ఇప్పటికీ చిన్న బొప్పి ఉంది, భాషాసేవకి గుర్తుగా.

ఆ అక్క కిందటి పున్నమికి పొరుగురాజ్యంలో పెళ్ళికని ఈ అడవి దారినే వెళ్ళింది. పల్లకి వెనక్కి వచ్చింది. బోయీలు వచ్చారు. పల్లకిలో అక్క లేదు. "అమ్మగారు దాహమని ఎవరింట్లోకో వెళ్ళారండీ, బయటికొచ్చి వెళ్ళొస్తానండీ అని వాళ్ళకి చెప్పడం కూడా విన్నాం, ఆ తర్వాత కనపడలేదు" అన్నారు.

అందుకే వినయంధరుడు వచ్చాడు.

పిట్ట తోక ఇటు ఊపింది. గొంతు మార్చింది.

"వెళ్ళొస్తానండీ బాబాయిగారూ! పిన్నిగారిని అడిగానని చెప్పండి. మీరూ ఓసారి మావైపు రావాలి!"

అది పద్మగంధి గొంతు. ఆ "రావాలి"లో చివర చిన్న సాగదీత కూడా ఆవిడదే.

"అక్కా!" అని వినయంధరుడు ముళ్ళలోకి దూకాడు. అంగవస్త్రం సగం ఒక కొమ్మకి, సగం ఇంకో కొమ్మకి చిక్కుకుంది. మోచేతులు రక్తాలు కారాయి. చెట్టు మొదలుకి చేరి పైకి చూస్తే, అక్క లేదు. నల్లపట్టీ వెనకనుంచి రెండు కళ్ళు ఆయన్ని తూకం వేస్తున్నట్టు చూశాయి. తర్వాత పిట్ట రాయిలా కిందికి జారి, నేలకి జానెడెత్తులో రెక్క విప్పుకుని, రివ్వున పొదల మీదుగా పోయింది.

అది పోయినవైపు ముళ్ళకంచె, కంచెకి ఒక తడిక, తడిక వెనకాల ఒక పెంకుటిల్లు కనిపించాయి. ఇంటి ముందు ముగ్గేసి ఉంది. ఇంటి వెనకాల ఆకాశమంత తుమ్మచెట్టు. చుట్టూ గాలాడకపోయినా దాని కొమ్మలకి ఏవో చిన్నచిన్నవి వేలాడుతూ మెల్లగా ఊగుతున్నాయి.

"కత్తి దూసి దూరదాం" అన్నాడు ఉద్దండకేతుడు.

"వద్దండీ. మాంత్రికుల ఇంటికి కత్తితో వెళ్ళినవాళ్ళు కత్తిగా మిగులుతారు. చుట్టాల్లా వెళ్దాం" అన్నాడు వినయంధరుడు. తలపాగా సర్దుకున్నాడు. నడుమున దోపిన కంచు అద్దం తీసి బొట్టు సరిచూసుకున్నాడు. అతిథుల ముందుకి వెళ్ళేవాడికి అది లేందే కాలు కదలదు. సేనానిగారి కవచం విప్పించి, తాటాకు గొడుగు ఒకటి చేతికిచ్చి, మొహంలో కోపం తీసెయ్యమన్నాడు. అదొక్కటే కుదర్లేదు.

తడిక దానంతటదే తెరుచుకుంది. అరుగుమీద ఒక పెద్దమనిషి కూచుని ఉన్నాడు. బూడిదరంగు శాలువా, తెల్లటి ధోవతి, కొంకి ముక్కు. కళ్ళచుట్టూ చెవులదాకా దట్టంగా కాటుక. చేతులు మాత్రం చిన్నపిల్లలవిలా, సన్నగా, వాడిన తమలపాకుల్లా ఉన్నాయి.

"ఎవరు బాబూ?" అన్నాడాయన. పేరు కంటకమల్లుడు. ఆ పేరు చెబితే ఏడు రాజ్యాల్లో పసిపిల్లలు ఏడుపు ఆపుతారు, పెద్దవాళ్ళు మొదలెడతారు.

"నన్ను గుర్తుపట్టలేదా మామయ్యగారూ?" అన్నాడు వినయంధరుడు నొచ్చుకుని. "మీ నాన్నగారికి వేలు విడిచిన మేనమామ ఉన్నారు చూడండీ, ఆయన మనవణ్ణి."

కంటకమల్లుడు పిశాచాల్ని వశం చేసుకున్నవాడు. ఎండిన నదిని ఎదురు నడిపించినవాడు. కానీ, చుట్టం మొహంమీద "నువ్వెవరో నాకు తెలీదు" అనగల మగవాడు ఇంతవరకూ పుట్టలేదు.

"ఓ... ఓహో... నువ్వా!" అన్నాడు. "ఎంత ఎదిగిపోయావురా! ఇంతున్నప్పుడు ఎత్తుకున్నాను నిన్ను."

"మా ఇంట్లో ఎప్పుడూ చెబుతుంటారండీ."

అలా ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం పీట వేసింది. వరస కుదిరిందో లేదో ఇద్దరికీ తెలీదు. అడగడానికి ఇద్దరికీ మొహమాటం.

భోజనాలకి కూచున్నారు. వడ్డన ఎవరు చేస్తున్నారో కనపడలేదు. గిన్నెలు వాటంతటవే వచ్చి వంగుతున్నాయి. ఇంటి మూలమూలలనుంచీ సన్నటి గొంతులు గుసగుసలాడుతున్నాయి. "ఇంకొంచెం వేసుకోండి." "అయ్యయ్యో, చాలండీ." "మీరసలేం తినలేదు." "వెళ్ళొస్తాం మరి." ఆ గొంతుల్లో ఆకలి లేదు, తృప్తి లేదు. ఎండుటాకు నేలమీద జరిగినట్టు ఉన్నాయి. వినయంధరుడికి ముద్ద దిగలేదు. ఉద్దండకేతుడికి బాగానే దిగింది.

"మా ఆవిడ బయటికి రాలేదని ఏమనుకోకు అల్లుడూ" అన్నాడు కంటకమల్లుడు. "గూట్లోంచి కదలకూడదు. ఇవాళ సాయంత్రానికి పిల్లలు బయటికొస్తారు. ఇప్పటికే పెంకుల్లో టిక్కుటిక్కుమంటున్నారు."

"గూట్లోనా?"

"గదిలో అన్నాను" అన్నాడాయన, తోక ఊపినట్టు శాలువా అంచు ఊపి. "మొదటి కాన్పు. పసినోళ్ళు కదా, నోరు తెరిస్తే మూయరు. అందుకని కాస్త ముందునుంచే సరుకు నిలవ చేసిపెట్టాను. పొద్దుగూకగానే పైనున్నవాటితో మొదలెట్టి, ఒక్కొక్కటీ దింపడమే."

వినయంధరుడు కిటికీలోంచి తుమ్మచెట్టు వైపు చూశాడు. వేలాడుతున్న వాటిలో ఒకదానికి గంధంరంగు చీర ఉన్నట్టనిపించింది. అక్క ఆ పెళ్ళికి కట్టుకెళ్ళింది గంధంరంగు చీరే. గొంతులో మెతుకు అడ్డం పడింది.

"నీళ్ళు తాగు, నీళ్ళు తాగు" అని కంటకమల్లుడు చెంబు అందించబోయాడు. చెంబు ఆ వేళ్ళలో నిలవలేదు. జారి కింద పడింది. అరటిపండు తీసుకున్నాడు. అదీ జారింది. చిరాకుపడి, పండుని గోడకున్న ముల్లుకి గుచ్చి, అప్పుడు తొక్క వలిచాడు.

ఉద్దండకేతుడు బ్రేవుమని లేచాడు. వినయంధరుడికి కన్నుగీటి, "గుర్రాలకి నీళ్ళు పెట్టాలి. భోజనం దివ్యంగా ఉంది పెద్దాయనా. వెళ్ళొస్తాను" అన్నాడు. ఇంటి వెనక్కి తిరిగి చెట్టు సంగతి చూద్దామని ఆయన ఎత్తు.

"మంచిది నాయనా, రా" అన్నాడు కంటకమల్లుడు. చాలా ప్రేమగా అన్నాడు.

సేనాని ముందుగుమ్మంలోంచి బయటికి వెళ్ళాడు. ఒక్క క్షణంలో పెరటిగుమ్మంలోంచి లోపలికొచ్చాడు.

"ఇదేమిటి?" అన్నాడు తెల్లబోయి. మళ్ళీ ముందుగుమ్మంలోంచి వెళ్ళాడు. మళ్ళీ పెరట్లోంచి వచ్చాడు. ఈసారి ఒక అడుగు పొట్టిగా ఉన్నాడు. "కాళ్ళు నా మాట వినడం లేదయ్యా మర్యాదలయ్యా!" అని అరిచాడు. పరిగెత్తాడు. పరిగెత్తుతూ తిరిగొచ్చేసరికి పిల్లాడంత అయ్యాడు. ఇంకోసారికి పిల్లిపిల్లంత. కత్తి లాగుదామంటే అది సూదంత ఉంది. చివరిసారి వచ్చినప్పుడు ఆ మీసాలు, ఆ మొహంలో కోపం, అన్నీ కలిపి అరచేతిలో పట్టేంత అయ్యాయి.

వినయంధరుడు పక్కకి తిరిగి చూస్తే, పీటమీద కంటకమల్లుడు లేడు. దూలం మీద కొరతపిట్ట ఉంది. అది రాయిలా జారింది. రెక్కల చప్పుడు. తుమ్మచెట్టులో ఒక కొమ్మ కదిలింది.

తర్వాత, ఎంతో దూరంనుంచి వచ్చినట్టు, ఉద్దండకేతుడి గొంతు వినిపించింది. "వెళ్ళొస్తాను... వెళ్ళొస్తాను..." ఆ గొంతులో మొదటిసారి కోపం లేదు. అదే ఎక్కువ భయమేసింది.

వినయంధరుడు స్తంభం చాటుకి జరిగి గబగబా ఆలోచించాడు. గద్దకి గోళ్ళున్నాయి, పట్టిందంటే వదలదు. ఈ పిట్ట కాళ్ళలో బలం లేదు. పట్టి నిలుపుకోలేదు. అందుకే దానికి ముల్లు కావాలి. ఈ పెద్దమనిషికీ అంతే. చెంబు నిలవదు, పండు నిలవదు, మనిషేం నిలుస్తాడు? ఆయన ఎవర్నీ పట్టుకోడు. వెళ్ళి వస్తానన్నవాళ్ళని రానిస్తాడు, అంతే. ముల్లు ఆయనది కాదు, ఎవరి ముల్లు వాళ్ళే తెచ్చుకుంటున్నారు, నోట్లో పెట్టుకుని.

తెలిసింది. తెలిసి, గుండె జారిపోయింది. ఎందుకంటే పుట్టి బుద్ధెరిగాక ఏ గుమ్మం దగ్గరా వినయంధరుడు ఆ మాట అనకుండా బయటికి రాలేదు.

పొద్దు వాలుతోంది. ముందు అక్కని దింపాలి. చెట్టెక్కితే పిట్ట ఊరుకోదు. అది చిటారుకొమ్మన కూచుని, కింద గడ్డిపరక కదిలినా చూస్తోంది. అప్పుడు వినయంధరుడికి కుంకుమగిరిలో తన పక్కింటాయన గుర్తొచ్చాడు. ఆయనా ఇలాగే ఎప్పుడూ మేడమీదే ఉండేవాడు, తన గోడవైపు ఎవరైనా బెత్తెడు జరుగుతారేమోనని. ఆ ధ్యాసలో ఉండగా ఇంట్లో దొంగలు పడి వంటసామానంతా ఎత్తుకుపోయారు.

నడుమునున్న కంచు అద్దం తీశాడు. కంచెపక్క రేగుపొదలో ఎండ పడేచోట నిలబెట్టి, వచ్చి స్తంభం వెనక నక్కాడు.

చిటారుకొమ్మమీద తోక ఆగిపోయింది.

అద్దంలో ఒక కొరతపిట్ట! తన పొదలో! నల్లపట్టీ కట్టుకుని మరీ! అరువు గొంతులన్నీ మర్చిపోయి, సొంత గొంతుతో కిర్రుమని అరిచి, అద్దం మీద పడింది. అవతలిదీ మీద పడింది. ముక్కుకి ముక్కు, రెక్కకి రెక్క. ఇది ఒక తిట్టు తిడితే అదీ నోరు తెరిచింది. హద్దు తగాదాలో అవతలివాడు సరిగ్గా మనలాంటివాడే అయితే ఇక తెల్లారదు.

వినయంధరుడు తుమ్మచెట్టెక్కాడు. కొమ్మకొమ్మకీ, ముల్లుముల్లుకీ మనుషులు. అరచేయంత మనుషులు. ఎండిపోయి, తేలికై, కళ్ళు తెరుచుకుని. వర్తకులు, యాత్రికులు, కిరీటంతో సహా ఒక రాజు. అందరి కుడిచేతులూ గాల్లోకి లేచి ఉన్నాయి, గుమ్మం దగ్గర వీడ్కోలు చెబుతూ ఆగిపోయినట్టు. అందరి పెదాలూ కదులుతున్నాయి. చెవి దగ్గర పెడితే, ఒకటే మాట.

నడికొమ్మల గుబురులో గూడు. అందులో ఆడపిట్ట రెక్కలు పరుచుకుని, కదలకుండా ఆయన్నే చూస్తోంది. దాని పొట్టకిందనుంచి టిక్కు, టిక్కు. గూటి అంచుకి గంధంరంగు దారప్పోగులు అల్లి ఉన్నాయి. అవి చీరవి. అది ముందే చింపి వాడుకుంది, పనికొస్తుందని.

పై ముల్లుమీద, మొదట దింపేవాటిలో, అక్క ఉంది.

ముల్లునుంచి మెల్లగా తీశాడు. జడలో తురుముకునే పువ్వంత బరువు కూడా లేదు. పక్క ముల్లుకున్న ఉద్దండకేతుణ్ణీ పీకి తలపాగాలో దోపుకున్నాడు. మిగతావాళ్ళ వైపు చూసి, "మీకోసం మళ్ళీ..." అనబోయి నాలిక కరుచుకున్నాడు. చెట్టు దిగి తడిక దగ్గరికి ఒక్క పరుగు తీశాడు.

తడిక తెరుచుకోలేదు. ముళ్ళు జడల్లా అల్లుకున్నాయి.

"చెప్పకుండా వెళ్తావేం అల్లుడూ?" అంది గొంతు వెనకనుంచి. కంటకమల్లుడు అరుగుమీద నిలబడి ఉన్నాడు. ముక్కుమీద కొత్త గీతలు. కాళ్ళ దగ్గర పగిలిన కంచు ముక్క. "చెప్పకుండా పోయే చుట్టానికి ఈ కంచె దారివ్వదు. నేను నిన్ను పట్టుకోను బాబూ, నా చేతుల్లో బలం లేదు. ఒక్కమాట చెప్పి వెళ్ళు, చాలు."

వినయంధరుడు నోరు తెరిచాడు. "వె" అనే అక్షరం దానంతటదే పెదాల మీదికొచ్చి కూచుంది. ముప్ఫయ్యేళ్ళ అలవాటు వెనకనుంచి నెట్టింది. నెత్తిమీద బొప్పి చురుక్కుమంది. రెండుతలల నాగుని చూసినప్పుడు కూడా ఆయనకి ఇంత చెమట పట్టలేదు.

"పో..." అన్నాడు.

కంటకమల్లుడి కాటుక కళ్ళు చిన్నవయ్యాయి.

"పో... పోతున్నాను" అన్నాడు వినయంధరుడు. ఏడుపొచ్చింది. అయినా ఆపలేదు. "పోతున్నాను! మళ్ళీ రాను! మీరు కూడా మా ఇంటికి రావద్దు!"

అడవంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. అంత అమర్యాద కంటకారణ్యం ఎన్నడూ వినలేదు. ముళ్ళు సిగ్గుపడ్డట్టు పక్కకి తప్పుకున్నాయి. తడిక కిర్రుమని తెరుచుకుంది. కంటకమల్లుడు ఒక్క అడుగు వేసి, ఆగిపోయాడు. పట్టుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

వినయంధరుడు ఒక కాలు బయటపెట్టాడు. రెండో కాలు గడపమీద, తలపాగా ఇంకా తడిక లోపల ఉండగానే, బయటికి చాచిన అరచేతిలో బరువు తెలిసింది. వేళ్ళలో పట్టలేదు. చేతిలో పట్టలేదు. చూస్తుండగానే పక్కన, చిరిగిన గంధంరంగు చీరలో, నిలువెత్తు మనిషి నిలబడి ఉంది. కళ్ళు నులుముకుంటోంది.

"అక్కా!"

పద్మగంధి తమ్ముడి వైపు చూసింది. చెయ్యెత్తింది. ఠంగుమని మొట్టికాయ పడింది.

"ఒరేయ్ వినయా! చెట్టుమీదనుంచీ అంతా వింటున్నాను. పెద్దాయన్ని పట్టుకుని పోతానంటావా? రావద్దంటావా? ఇదేనా నేను నేర్పింది?"

"అక్కా, వద్దు, మాట్లాడొద్దు, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను, పద..."

"ఊరుకో!" అని తమ్ముణ్ణి పక్కకి నెట్టి, ఆవిడ అరుగువైపు తిరిగింది. చెంగు భుజం చుట్టూ కప్పుకుంది. మొహంనిండా నవ్వు తెచ్చుకుంది. వినయంధరుడు ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టడానికి దూకాడు. తలపాగాలోంచి సేనాని కూడా ఏదో కీచుమన్నాడు.

ఆవిడ మాట అప్పటికే గడప దాటింది.

"చిన్నవాడు, తెలీక అన్నాడు, మనసులో పెట్టుకోకండి బాబాయిగారూ. మేమిద్దరం వెళ్ళొస్తాం!"

"మంచిదమ్మా" అన్నాడు కంటకమల్లుడు. చాలా ప్రేమగా అన్నాడు. "రండి."

వినయంధరుడు బయటపెట్టిన కాలు, ఆయన్ని అడక్కుండానే, వెనక్కి తిరిగింది. గూట్లో ఒక గుడ్డు చిట్లింది.